మూడో వరుస గుంజకు సున్నపు గీత

ఇటు రా బిడ్డా, దగ్గరికి జరుగు. పల్లికాయ తర్వాత ఒలుచుకోవచ్చు, ఆ చేట పక్కన పెట్టు. ఈ మధ్య నా గొంతు దూరం పోవడం లేదు, నువ్వే చెవి తెచ్చి పెట్టాలి.

అటక మీద బియ్యం బస్తా ఎత్తే ముందు గుంజ తడిమి చూడండి అంటే ఇంట్లో అందరూ నవ్వుతారు. నిన్న మీ నాన్న కూడా నవ్వాడు. అవ్వకు గుంజల పిచ్చి అన్నాడు. వాడికేం తెలుసు, అప్పుడు వాడు నా కడుపులో ఐదో నెల. తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే నీకు చెప్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ అని పేరు పెట్టిన మరుసటి ఏడు అది. మాది హుజూరాబాద్ పక్కన పల్లె. రెండేళ్లు వరసగా వానలు ముఖం చాటేస్తే, మూట నెత్తిన పెట్టుకుని మంచిర్యాలకు వచ్చి, రైలు పట్టాల అవతల గుడిసె వేసుకున్నాం. మీ తాత మొదట బొగ్గుబాయిలో దిగాడు. ఒక్కటే రోజు. సాయంత్రం పైకి వచ్చి, ఎండ మొహం చూడకుండా పని చెయ్యడం నా వల్ల కాదన్నాడు. ఆ తర్వాత బాయిలకు ఇనుప సామాను తోలే ఒక కంట్రాక్టరు గోదాములో హమాలీగా కుదిరాడు. అదే గోదాములో ఊడ్చి, అలికి, గోడలకు సున్నం వేసే పనికి నేను చేరాను. మీ తాత పేరు ఇస్తారి. అప్పట్లో ఆ పేరు నా నోట పలికేదాన్ని కాదు. ఇప్పుడు పలికితే ఏమవుతుందిలే, వినడానికి ఆయన లేడు.

ఆ గోదాము ఎంత పొడుగంటే, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర ఉన్నవాడు ‘ఆఁ?’ అనేవాడు. పైన రేకులు. లోపల ఐదు వరుసల్లో అరలు. కరీంనగర్ నుంచి తనిఖీకి వచ్చే ఓవర్సీరు వాటిని ర్యాకులు అనేవాడు, మేం అరలనేవాళ్లం. ఉట్నూర్ అడవి నుంచి తెచ్చిన టేకు గుంజలు నిలబెట్టి, వాటికి బోల్టులతో అడ్డదూలాలు బిగించి, దూలాల మీద పలకలు పరిచారు. మేకుల పీపాలు, గొట్టాలు, నట్ల పెట్టెలు అన్నీ ఆ పలకల మీదే. మనిషికి రెండింతల ఎత్తు ఇనుము ఆ గుంజల మీద కూర్చుని ఉండేది. మూడో వరుసకు ఎదురుగా కిటికీలు ఉండేవి, అక్కడ గాలి తగిలేది. అందుకే హమాలీలు ఏడుగురూ మధ్యాహ్నం జొన్న గటక తిని ఆ సందులోనే తువ్వాల పరుచుకుని నడుం వాల్చేవారు. ఇది గుర్తుపెట్టుకో, దీని చుట్టే అంతా తిరుగుతుంది.

దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేస్తాం కదా. త్రాసుకు, తోపుడు బండ్లకు, సుత్తెలకు బొట్లు పెట్టాం. గుంజలకు కింద నుంచి ఛాతీ ఎత్తు దాకా జాజు, అదే ఎర్రమట్టి, పూసి, దాని మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు కట్టాలి. ఆ పని నాది, నాతో పాటు ఊడ్చే ఐలవ్వత్తది. ఐలవ్వత్త నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. నోట్లో చుట్ట, చుట్ట కంటే ఘాటు మాట. మేం పూస్తుంటే మీ తాత వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“మూడో వరుస మొదటి గుంజకు జర మందంగ పుయ్యి. తలుపుకెదురుగ ఉంటది. ఓవర్సీరు సాబ్ కండ్లు ముందుగాల దానిమీదనే పడ్తయ్,” అన్నాడు.

“అబ్బో,” అంది ఐలవ్వత్త. “ఇంట్ల గడపకు జాజు ఉన్నదో లేదో తెల్వదు గని, గోదాం గుంజకు మాత్రం మొగోనికి రంది.”

మీ తాత నవ్వలేదు. మామూలుగా ఐలవ్వత్త మాటకు ముందు నవ్వేది ఆయనే. నేను అదేం పట్టించుకోలేదు. పనితనం చూపించాలని మూడు పూతలు పూశాను. అద్దంలా మెరిసింది. ఆ మెరుపు చూసుకుని మురిసిపోయాను కూడా.

పండుగ పోయిన నాలుగో రోజు ఊడుస్తుంటే, ఆ గుంజ కింద చిటికెడు ఎర్రపొడి కనబడింది. ఊడ్చేశాను. మర్నాడు మళ్లీ చిటికెడు. ఆ మర్నాడు కూడా. మిగతా గుంజల కింద ఏమీ లేదు. చెద పట్టిందా అని చూశాను. చెద అయితే మట్టి గీతలు పైకి పాకుతాయి, అవి లేవు. పురుగు తొలిస్తే తెల్లటి పిండి రాలుతుంది. ఇది నా జాజే. నేను పూసిన జాజు పగలు ఎండి, రాత్రి రాలడమేంటి? ఎవరో గోకుతున్నారు అనుకున్నాను. ఎవరు, ఎందుకు? అనుమానం అక్కడ మొదలైంది బిడ్డా, ముల్లులాగా.

వంగి గుంజను చూస్తుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది. గుమాస్తా రామచంద్రం పంతులు. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ మఫ్లరు, ఎండాకాలం కూడా.

“ఏం సూస్తున్నవ్ ఆడ?”

“పొడి రాల్తుంది పంతులూ.”

“రాల్తే ఊడువు. ఊడ్చుడు నీ పని, సూసుడు నా పని.”

ఆ మాట అని కూడా అక్కడి నుంచి కదల్లేదు. నేను దూరం పోయేదాకా ఆ గుంజ దగ్గరే నిలబడ్డాడు. స్తంభం చాటు నుంచి తొంగి చూశాను. జేబులోంచి దారం తీశాడు. దాని కొసకు ఒక బోల్టు కట్టి ఉంది. పై అర నుంచి దాన్ని వేలాడదీసి, కళ్లు చిట్లించి, గుంజకూ దారానికీ నడుమ వేళ్లు పెట్టి చూశాడు. నా కాలి కడియం చప్పుడు కాగానే గబుక్కున చుట్టి జేబులో వేసుకున్నాడు.

ఐలవ్వత్తకు చెప్తే కళ్లు మెరిశాయి.

“కొలుస్తుండే పిల్లా! పంతులు కొత్త ఇల్లు కడ్తుండని తెల్వదా? దర్వాజలన్ని టేకుయేనంట. గంత టేకు ఏడికెళ్లి వచ్చింది? ఆయన పెండ్లాం పెరట్ల మొలిచిందా?”

“గుంజ తీస్తే అర కూలదా అత్తా?”

“మంచి గుంజ తీసి పుచ్చుది పెడ్తరు. పైన జాజు పూస్తె ఎవలికి ఎరుక? పూసేది నువ్వు. రేపు పట్టుకుంటె పేరు ఎవలిది?”



ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత నీకు అర్థం కాదు. నా పాత నీలం చీర ఒకటి చినిగితే, పుట్టబోయే బిడ్డకు పొత్తిగుడ్డలవుతాయని ముక్కలు చేసి కుండలో దాచాను. ఎర్ర అంచు నీలం చీర. బతుకమ్మ పండుగ రోజుల్లో చూస్తే ఒక ముక్క తక్కువ. పక్క గుడిసె బాలవ్వ మీద అనుమానపడి, ఆమెతో గొడవ పెట్టుకుని మాటలు మానేశాను. అప్పుడు నా కంటికి అందరూ దొంగలే.

ఇంతలో గోదాములో తేలు పుట్టింది. పుట్టించింది మీ తాత. “మూడో వరుస సందుల తేలున్నది. నల్లది, గింత పొడుగు. ఎవలు గాడ పండకుండ్రి,” అని మూరెడు చెయ్యి చూపించాడట. హమాలీలు భయపడి గటక గిన్నెలు పట్టుకుని బయట వేపచెట్టు కిందికి మారారు. ఐలవ్వత్త నన్ను పొడిచింది.

“నాగీ, రోజు ఊడ్చేది నువ్వు. నీకు దాని తోక గూడ అగుపడలే. నీ మొగనికి మాత్రం మూరెడు తేలు ఎట్ల అగుపడ్డదే?”

నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ రోజు మధ్యాహ్నం మీ తాత ఏం చేస్తాడో కనిపెట్టి చూశాను. అందరూ వేపచెట్టు కింద తింటుంటే, నీళ్లు తాగొస్తానని లేచి గోదాములోకి పోయాడు. కొంతసేపటికి చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ వచ్చాడు. సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతూ చూశాను. గోళ్లలో ఎర్రగా జాజు.

మరో రోజు మూడో వరుస సందులో మీ తాత, పంతులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఏదో గట్టి మాట నడుస్తోంది. నన్ను చూడగానే ఇద్దరూ ఆగిపోయి, ఒకరు అటు, ఒకరు ఇటు పోయారు. ఇక నాకు అనుమానం కాదు, నమ్మకమే అయింది. టేకు దొంగతనంలో వీళ్లిద్దరూ కలిశారు. తేలు పేరు చెప్పి జనాన్ని దూరం పెట్టడం అందుకే.

అయినా ఆ గుంజలో ఏం జరుగుతోందో నా కళ్లతో తేల్చుకోవాలనుకున్నాను. చదువు లేకపోయినా సున్నం సంగతి నాకు తెలుసు. మా అమ్మ నేర్పింది. సున్నం పూత ఎండి పగిలితే సాలెగూడులా నలువైపులా సన్నగా పగులుతుంది. దానికి భయం లేదు. కానీ కింద ఉన్న గోడే కదిలితే, ఒకటే గీత పడుతుంది, నడినెత్తిన పాపిట తీసినట్టు. అలాంటి గీత కనబడితే మా అమ్మ ఆ గోడ పక్కన పిల్లల్ని పడుకోనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం ఇంటికి పోయేముందు, ఐదు వరుసల మొదటి గుంజలకూ మోకాలి ఎత్తున వేలితో అడ్డంగా పలుచటి సున్నపు గీత గీశాను. పూజ గుంజలే కదా, ముగ్గు అనుకుంటారు. పొద్దున్నే పోయి చూశాను. ఒకటో వరుస బాగుంది. రెండోది, నాలుగోది, ఐదోది బాగున్నాయి. మూడోదానికి పాపిట పడింది. నిట్టనిలువుగా, వెంట్రుక మందం. మర్నాటికి అది గోరు దూరేంత అయింది.

గుంజ విచ్చుతోంది బిడ్డా. మనిషికి రెండింతల ఎత్తు ఇనుము దాని మీద ఉంది.

ఆ పూట జొన్నరొట్టె పెట్టి మీ తాతకు చెప్పాను. “మూడో వరుస మొదటి గుంజకు సున్నం పెట్టి సూశిన. పాపిట తీసింది,” అన్నాను.

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. “ఎవలికన్న చెప్పినవా?” అన్నాడు.

ఏమైంది అని అడగలేదు. నిజమా అని అడగలేదు. ఎవరికైనా చెప్పావా అన్నాడు.

“చెప్తె ఏమైతది?”

“ఏం గాదు. నువ్వు ఊడ్చుకోరాదు? గుంజల జోలి నీకెందుకు? ఓవర్సీరు సాబ్ ఎల్లుండి తనిఖీకి వస్తుండు. ఆయన సూసుకుంటడు.” సగం రొట్టె వదిలి లేచాడు. తలుపు దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే, “జమేదారు పనికి నా పేరు అనుకుంటుండ్రు. గంతే. అది అయ్యేదాక జర నోరు మూసుకో,” అన్నాడు.

జమేదారు అంటే హమాలీల పెద్ద. మొయ్యడం ఉండదు, మోయించడమే. మీ తాతకు అప్పటికే నడుము పట్టేస్తోంది. ఆ పని మాకు ఎంత కావాలో నాకూ తెలుసు. అందుకే ఆ రెండు రోజులూ నోరు మూసుకున్నాను. మూసుకుని ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. ఒకే చాప మీద పడుకున్న మనిషిని దొంగను చూసినట్టు చూడడం ఎలా ఉంటుందో, నీకు ఆ గతి పట్టకూడదు.

ఓవర్సీరు హనుమంతు కరీంనగర్ నుంచి జీపులో దిగాడు. చేతిలో చిన్న సుత్తె, చంకలో కాగితాలు. వరుస వరుసకూ పోయి, గుంజ మీద రెండు దెబ్బలు కొట్టి, చప్పుడు విని, కాగితం మీద గీత పెడుతున్నాడు. మంచి టేకు ఖంగుమంటుంది. నేను చీపురు పట్టుకుని వెనకే తిరిగాను. మూడో వరుస దగ్గరికి వచ్చాడు. తలుపుకెదురుగా నా మూడు పూతల జాజు, దాని మీద పసుపు, కుంకుమ, ఎండిన బంతిదండ. ఆగి, కాలి చెప్పులు విడిచాడు. గుంజను తాకి కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత పసుపు లేని చోట, తల పైన, ఒక దెబ్బ కొట్టాడు.

ఆ చప్పుడు నాకు ఇంకా చెవిలో ఉంది. పగిలిన కుండను వేలితో కొట్టినట్టు. కానీ ఆయన అప్పటికే కాగితం మీద వంగాడు.

“సాబ్, జర కింద గూడ కొట్టి సూడుండ్రి,” అన్నాడు రామచంద్రం పంతులు.

“దసరా పసుపు మీద సుత్తె పెట్టమంటవా? పంతులువై ఉండి నువ్వే గట్లంటె ఎట్ల?” అని ఓవర్సీరు నవ్వాడు. “బాయిల మీద పనిచేసెటోళ్లం. పసుపుకు దెబ్బ తగిలితె రేపు ఏదన్న అయితె నా మీదికి వస్తది.”

పంతులే దొంగ అయితే కింద కొట్టి చూడమని ఎందుకంటాడు? మరి దొంగ ఎవరు?

ఓవర్సీరు గట్టిగా అందరికీ చెప్పాడు. “రేపు పొద్దుగాల వ్యాగన్ల ఇనుప తాళ్ల చుట్టలు వస్తున్నయ్. కింద తడికి తుప్పు పడ్తయ్, అన్ని మూడో వరుస మీదికి ఎక్కియ్యాలె. జమేదారు పేరు గూడ రేపే చెప్త. ఇస్తారీ, నువ్వు ముంగట ఉండు.”

మీ తాత తలూపాడు. ఆయన మొహంలో సంతోషం ఉందేమోనని వెతికాను. లేదు. నేలను చూస్తున్నాడు.

మర్నాడు తెల్లగా తెల్లవారగానే ఐలవ్వత్తను లేపి గోదాముకు తీసుకుపోయాను. తడిగుడ్డ పట్టుకుని గుంజ ముందు కూర్చున్నాను.

“ఏం జేస్తున్నవే?” అంది అత్త, చుట్ట చేతిలోకి తీసుకుని. “పసుపు కుంకుమ తుడుస్తవా? కడుపుతోని ఉన్నదానివి, మొగడు బతికి ఉన్నదానివి!”

“మొగడు బతికి ఉండాలెననే తుడుస్తున్న అత్తా. తాళ్లచుట్టలు ఎక్కిచ్చేది ఆయనే గద.”

కళ్లు మూసుకుని ఒక్క తుడుపు తుడిచాను. పసుపు పోయింది, జాజు పోయింది. దాని కింద టేకు కనబడలేదు. బంకమట్టి కనబడింది. గోరుతో గీకితే ఊడివచ్చింది. కొంత పాతది, కొంత నిన్నమొన్నటిది, ఇంకా తడిగా ఉంది. లోపల వేలు పట్టేంత చీలిక. తోపుడు బండి ఇనుప మూల గట్టిగా తగిలిన గుర్తు, అక్కడి నుంచి గుంజ నిలువునా చీలింది. దూలాన్ని పట్టుకున్న బోల్టు వంగి, రంధ్రం పక్కకు నోరు తెరుచుకుని ఉంది. చీలికలో మట్టి నిలవాలని ఏదో గుడ్డ కుక్కారు. పట్టి లాగాను.

నీలం గుడ్డ. ఎర్ర అంచు.

బాలవ్వ ఎత్తుకుపోయిందని నేను ఊరంతా చాటిన ముక్క అది. మీ నాన్న కోసం దాచిన పొత్తిగుడ్డ.

ఐలవ్వత్త ఆ గుడ్డను చూసింది, నన్ను చూసింది. ఆమె నోరు మూతపడడం నేను చూసింది ఆ ఒక్కసారే. బయట బండి చప్పుడైంది. గుడ్డను గబగబా నడుములో దోపుకున్నాను.

హమాలీలు వెదురుబొంగుకు తాళ్లచుట్ట కట్టి, ఇద్దరిద్దరు భుజాన పెట్టుకుని వస్తున్నారు. ముందు మీ తాత. వెనక ఓవర్సీరు, పంతులు. ఏం చెయ్యాలో తోచలేదు బిడ్డా. చెప్తే మొగుడి పని పోతుంది. చెప్పకపోతే మొగుడే పోతాడు, లేదా ఇంకొకరి మొగుడు. ఆ అర కిందే, గుంజకు వీపు ఆనించి కూర్చుండిపోయాను.

“లెవ్వు, లెవ్వు!” అన్నాడు ఓవర్సీరు. “ఏందిది? గీమె ఎవలు?”

“ఊడ్చేటామె సాబ్,” అన్నాడు పంతులు. ఆయన కళ్లు నా మీద లేవు. నేను తుడిచిన చోట మీద ఉన్నాయి.

“లెవ్వ సాబ్,” అన్నాను. “గా చుట్ట ఎక్కిచ్చేది ఉంటె నేను గీడ కూసున్నంక ఎక్కియ్యుండ్రి. కూలదనుకుంటె నాకేం గాదు గద.”

“పిచ్చి లేచిందా గీమెకు? ఎవలన్న లేపుండ్రి!”

ఎవరూ కదల్లేదు. కడుపుతో ఉన్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు? మీ తాత బొంగు భుజాన పెట్టుకుని నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చెమట ధారగా కారుతోంది. ఆయన చూపు నా మొహం మీంచి కిందికి జారింది, నడుము దగ్గర ఆగింది. ఎర్ర అంచు బయటికి కనబడుతోంది. నేను ఆయనను చూస్తూ ఉన్నాను, అంతే.

మెల్లగా వంగి చుట్టను నేల మీద దించాడు. వెనకవాడు తిట్టాడు, ముందుగా చెప్పకుండా దించినందుకు.

“నేనే సాబ్,” అన్నాడు మీ తాత. “బతుకమ్మ పండుగకు ముందుగాల. తోపుడు బండి చేతులకెళ్లి జారింది, గుంజకు తాకింది. జమేదారు పని పోతదని మట్టి కుక్కి దాశిన. నా పెండ్లాంతోని జాజు మందంగ పూపిచ్చిన. ఆమెకు తెల్వదు.”

“మొఖం మీద అడిగిన గద నిన్ను?” అన్నాడు పంతులు. “గీ సందులనే నిలవెట్టి అడిగిన. గుంజ పక్కకు వంగింది, బోల్టు దారం వెట్టి సూశిన, రెండు వేళ్ల తేడా ఉన్నది, ఎవలన్న తాకిచ్చిండ్రా అని.”

“అడిగినవ్ పంతులూ. తెల్వదన్న.”

“నేను మీ ఇద్దరి మీద అనుమానపడ్డ. ఆమె పూసుడు, నువ్వు కాపలా కాసుడు. అరల్లకెళ్లి సామాను మాయం జేస్తుండ్రనుకున్న. అందుకే సాబ్‌కు రాసి పిలిపిచ్చిన.”

నేను ఆయన్ను దొంగ అనుకున్నాను, ఆయన మమ్మల్ని దొంగలనుకున్నాడు. ఇందరం ఇంతగా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటే, గుంజను చూసినవాడు లేడు.

పంతులు జేబులోంచి దారం తీసి, అందరి ముందూ వేలాడదీశాడు. రెండు వేళ్లు కాదు, ఆ రోజుకు మూడు వేళ్లు. ఓవర్సీరు మొహం పాలిపోయింది. నన్ను లేపమని ఇక అరవలేదు. నేనే లేచాను. సరుగుడు కట్టెలు తెచ్చి దూలాల కింద పోటు పెట్టారు. పై అర నుంచి ఒక్కొక్క పీపా దించడం మొదలుపెట్టారు. మీ తాత తాను తప్ప ఇంకెవరినీ ఆ గుంజ వైపు రానివ్వలేదు. నేను తలుపు దగ్గర ఐలవ్వత్త చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆమె వేళ్లు నా చేతిని నొక్కి నొక్కి నీలం చేశాయి.

ఆఖరి నాలుగు పీపాలు ఉన్నాయనగా గుంజ అరిచింది. అవును, అరిచింది, మనిషిలాగా. మీ తాత వెనక్కి దూకాడు. గుంజ మోకాలి ఎత్తున రెండుగా విడిపోయింది, పోటు కట్టె ఒకటి ఎగిరిపడింది, పలకా, పీపాలూ కలిసి కిందికి వచ్చాయి. మేకులు సందు నిండా చిమ్మాయి. పలక ఎక్కడ పడిందో తెలుసా? ఆ ఏడుగురు తువ్వాలలు పరుచుకునే చోట. నాలుగు పీపాలకే అలా అయితే, పైన ఉన్నదంతా, దాని మీద తాళ్లచుట్టలూ కలిసి పడి ఉంటే? ఒక మేకు దొర్లుతూ దొర్లుతూ వచ్చి నా కాలికి తగిలి ఆగింది.

దుమ్ము అణిగాక ఓవర్సీరుకు గొంతు వచ్చింది. “ఇస్తారీ, నువ్వు గిప్పుడే ఎల్లిపో. మల్ల గోదాం దిక్కు కనవడకు.”

“సాబ్,” అన్నాడు పంతులు, మఫ్లరు సర్దుకుంటూ. “గిప్పుడు ఈయనను ఎల్లగొడ్తె, రేపు బండి తాకిచ్చినోడు ఎవడు నోరిప్పడు. ఇంకో పండుగ దాక దాస్తడు, ఇంకింత పసుపు పూస్తడు. మనం మల్ల చెప్పులిడిసి మొక్కుతం.”

ఓవర్సీరు ఆ మాటకు తల దించుకున్నాడు. నిన్న సరిగ్గా ఉందని కాగితం మీద గీత పెట్టింది ఆయనే కదా. జమేదారు పని ముత్యం అనే ఇంకో హమాలీకి పోయింది. మీ తాతను ఉండనిచ్చారు, మోతకు. ఆ తర్వాత పదకొండేళ్లు మోశాడు, వంగిన నడుముతోనే. ఆ ఏడు నుంచి దసరాకు గుంజల మీద జాజు పూయడం మాన్పించారు. తల ఎత్తున ఒక్క పసుపు బొట్టు, అంతే. సోమవారం సోమవారం ఐదు వరుసలకూ నేను సున్నపు గీతలు గీసేదాన్ని. పంతులు దారం పట్టుకుని నా వెనక వచ్చేవాడు. “ఊడ్చుడు నా పని, సూసుడు నీ పని గద పంతులూ,” అనేదాన్ని. ఆయన దగ్గి ఊరుకునేవాడు. ఆయన ఇంటి టేకు దర్వాజలు మామగారు పెట్టినవట. ఐలవ్వత్త మాత్రం చచ్చేదాకా నమ్మలేదు.

బాలవ్వ గుడిసెకు పోయి తప్పయిందని చెప్పుకున్నాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. అది ఆమె హక్కు.

ఒకనాడు ఇంట్లో మీ తాతను అడిగాను. “తేలున్నదని ఎందుకన్నవ్?”

“వాండ్లు గాడ పండుకుంటుంటె నాకు పానం ఆగలే.”

“మరి రోజు ఒక్కనివే ఆడికెందుకు పోయినవ్?”

“మట్టి రాల్తుండె. మల్ల కుక్కెటోన్ని.”

“నా చేతులతోనే పూపిచ్చినవ్ గద. ఆ ఏడుగుర్ల ఎవలన్న చస్తె, పూసింది నా చెయ్యి.”

నాకు ఆ ముల్లు వెంటనే పోలేదు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే నా కళ్లు ఆయన గోళ్ల మీదికి పోయేవి. ఆయన గమనించాడు. ఆ తర్వాత నేను అడగకముందే, గడప దగ్గర నిలబడి రెండు చేతులూ చాపి, తిప్పి చూపించేవాడు. చూసి, కాళ్లకు నీళ్లు ఇచ్చేదాన్ని. పోయేదాకా, మంచం పట్టినప్పుడు కూడా, నేను పక్కన కూర్చుంటే ఆ చేతులు అలా చాపేవాడు బిడ్డా.

ఆ నీలం గుడ్డ ఉతికి, మీ నాన్నను అందులోనే చుట్టాను. మట్టి మరక పూర్తిగా పోలేదు.

ఇప్పుడు ఇది నీ దగ్గర ఉంచుతున్నాను. రేపు మీ తమ్ముడు అటక మీదికి ఏదైనా ఎత్తుతుంటే ఆపి, కూర్చోబెట్టి ఇది చెప్పు. తొందరలో ఉంటే ఓవర్సీరు చెప్పులు విడిచింది వదిలేసినా పర్వాలేదు. సున్నపు గీత మాత్రం మర్చిపోకు: సాలెగూడైతే భయం లేదు, పాపిట పడితే కింద ఎవరినీ ఉండనివ్వొద్దు. తాత దాచిపెట్టాడన్నది చెప్పు, దాచొద్దు. కానీ అది చెప్పినప్పుడు, లేని తేలు సంగతి కూడా తప్పకుండా చెప్పాలి. రెండూ కలిపితేనే ఆయన.